కంకిపాడు నుంచి ఢిల్లీ దాకా: డాక్టర్ కె.ఎల్. రావు

మన ఘాజియాబాద్‌లో హిండన్‌ను నది అని పిలవడానికి చాలామందికి మనసొప్పదు. వంతెన మీదుగా బస్సు వెళ్లేటప్పుడు కిటికీ మూసేస్తాం, అంతే. వేసవిలో అది నల్లటి కాలువలా ఉంటుంది. కానీ 2023 జూలైలో ఆ హిండనే పొంగి కర్హేడా వైపు ఇళ్లలోకి వచ్చేసింది. అదే నెల 13న ఢిల్లీలో యమున మట్టం 208.66 మీటర్లకు చేరింది. అంతకు ముందు రికార్డు 1978 నాటి 207.49 మీటర్లు. నలభై అయిదేళ్ల పాటు యమున అంతకు మించి లేవలేదు, ఇక లేవదనే చాలామంది అనుకున్నారు.

కమలా నెహ్రూ నగర్‌లో ఎన్.డి.ఆర్.ఎఫ్. ఎనిమిదో బెటాలియన్ ఉంది. ఎక్కడ వరద వచ్చినా నారింజ రంగు దుస్తులు వేసుకుని, రబ్బరు పడవలు ఎత్తుకుని వెళ్లేది వాళ్లే. ఆ దళంలో పదో బెటాలియన్ మన విజయవాడ దగ్గర కొండపావులూరులో ఉంటుంది. బదిలీ వస్తే అక్కడివాళ్లు ఇక్కడికి, ఇక్కడివాళ్లు అక్కడికి రావలసిందే. అలాంటి ఇళ్లలో కృష్ణా తెలుసు, హిండనూ తెలుసు. యమున పొంగిన మరుసటి ఏడాది, 2024 సెప్టెంబరులో, ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. అక్కడా అది కొత్త రికార్డే.

ఇలాంటి వార్తలు విన్నప్పుడు మాకు ఒక సందేహం వచ్చేది. ఆనకట్టకు ఇన్ని గేట్లు చాలు, కరకట్ట ఇంత ఎత్తు చాలు అని ముందే ఎవరో ఒకరు లెక్క వేసి ఉండాలి కదా! రాబోయే వరద ఎంతో ఎవరికీ తెలియనప్పుడు ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? వెతుక్కుంటూ పోతే ఒక తెలుగు ఇంజనీరు జీవితం కనిపించింది. ఆయన కానూరి లక్ష్మణరావు. దేశమంతా డాక్టర్ కె.ఎల్. రావుగా ఎరిగిన మనిషి.

ఆయన 1902 జూలై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్లే దారిలో వస్తుంది ఆ ఊరు. చుట్టూ కాలువలు, వరిచేలు. ఆ కాలువలన్నిటికీ నీళ్లు విజయవాడ దగ్గర 1855లో పూర్తయిన ఆనకట్ట నుంచే వచ్చేవి. రావు గారికి ఏడాది నిండిన కొద్ది నెలలకే, 1903 అక్టోబరులో, కృష్ణకు పది లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. నూరేళ్లకు పైగా ఇంజనీర్లు కృష్ణా వరద గురించి మాట్లాడేటప్పుడు ముందుగా చెప్పుకున్న అంకె అదే. అంటే ఆయన వయసూ ఆ అంకె వయసూ దాదాపు ఒక్కటే.

ఇక్కడ క్యూసెక్కు అంటే ఏమిటో చెప్పుకుని ముందుకు పోదాం. ఒక సెకనులో ఒక ఘనపుటడుగు నీళ్లు దాటితే అది ఒక క్యూసెక్కు. సుమారు 28 లీటర్లు. మన ఇళ్లలో వంటింట్లో పెట్టే పెద్ద నీళ్ల డబ్బా 20 లీటర్లు ఉంటుంది. అలాంటి డబ్బాలు దాదాపు ఒకటిన్నర, కళ్లు ఆర్పినంతలో మన ముందు నుంచి పోయినట్టు. ఇప్పుడు అలాంటివి పదకొండు లక్షలు పక్కపక్కన ఊహించుకోండి.

లక్ష్మణరావు గారికి తొమ్మిదేళ్లప్పుడు తండ్రి పోయారు. బడిలో ఆడుకుంటుండగా తగిలిన దెబ్బకు ఒక కంటి చూపు పోయింది. మధ్యతరగతి కుటుంబం, ఇంటి పెద్ద లేడు, పిల్లవాడికి ఒకటే కన్ను. అలాంటి ఇంట్లో చదువు త్వరగా ముగించి ఏదో ఒక ఉద్యోగంలో చేరడమే ఆ రోజుల్లో తెలివైన పని అనిపించుకునేది. ఆయన మద్రాసు వెళ్లి ప్రెసిడెన్సీ కాలేజీలో చదివారు. తరువాత గిండీ ఇంజనీరింగు కాలేజీలో చేరారు. గిండీ నుంచి ఇంజనీరింగులో మాస్టర్స్ డిగ్రీ అందుకున్న మొట్టమొదటి విద్యార్థిగా ఆయనకు పేరు. ఇంజనీరైతే చాలు అనుకునే కాలంలో, ఆ పైన కూడా చదవవలసింది ఉందని అనుకోవడమే ఒక వింత. బర్మాలోని రంగూన్‌లో ప్రొఫెసరుగా పాఠాలు కూడా చెప్పారు.

తరువాత ఇంగ్లండు వెళ్లి బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసి 1939లో డాక్టరేటు తీసుకున్నారు. అప్పటికి ఆయన వయసు ముప్ఫై ఏడు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది అది. అక్కడే కొంతకాలం అసిస్టెంటు ప్రొఫెసరుగా ఉన్నారు. ఇనుప కడ్డీలు వేసి పోసే కాంక్రీటును ఎలా లెక్క కట్టాలి, ఎలా పరీక్షించాలి అన్న విషయం మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం కూడా రాశారు.

పీహెచ్‌డీ అంటే మాలో చాలామందికి ఇంకో పరీక్ష అనే అభిప్రాయం ఉండేది. అది పరీక్ష కాదు. పరీక్షలో ప్రశ్న వేసేవారికి జవాబు ముందే తెలిసి ఉంటుంది. పరిశోధనలో జవాబు గురువుకూ తెలియదు. మూడు నాలుగేళ్లు, ఒక్కోసారి అయిదారేళ్లు ఒకే ప్రశ్నతో కూర్చుని, చివరికి నాకు ఇంతవరకు తెలిసింది, ఇక్కడి నుంచి తెలియదు అని గీత గీసి చూపించాలి. ఆ గీత నిజాయితీగా గీయడమే డాక్టరేటులో ముఖ్యమైన భాగం. కాంక్రీటు దిమ్మను యంత్రంలో పెట్టి నొక్కితే అది ఎంత బరువు దగ్గర పగులుతుందో కళ్లతో చూడవచ్చు. ఒకటి పగిలిపోతే మరొకటి పోసుకోవచ్చు. కానీ నదిని తెచ్చి యంత్రంలో పెట్టలేం. రావు గారు దేశానికి తిరిగి వచ్చాక ఎదుర్కొన్న చిక్కు అదే.

మద్రాసు ప్రభుత్వంలో డిజైను ఇంజనీరుగా పనిచేసి, 1950లో ఆయన ఢిల్లీ వచ్చారు. కేంద్ర జల విద్యుత్ కమిషన్‌లో డిజైన్ల డైరెక్టరు పదవి. 1954లో చీఫ్ ఇంజనీరయ్యారు. కృష్ణా జిల్లా, మద్రాసు, రంగూన్, బర్మింగ్‌హామ్, మళ్లీ మద్రాసు, ఢిల్లీ... సామాను కట్టడం, విప్పడం మనకొక్కరికే కాదన్నమాట.

అది దేశం నిండా ఆనకట్టలు లేస్తున్న కాలం. కృష్ణ మీద నందికొండ దగ్గర కట్టవలసిన డ్యాము గురించి కూడా అప్పుడే లెక్కలు సాగాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. అదే నాగార్జునసాగర్. దాని రూపకల్పనలో రావు గారి పాత్ర పెద్దది. ఒక ముచ్చట ఏమిటంటే, కాంక్రీటు మీద పుస్తకం రాసిన మనిషి కృషి చేసిన ఆ డ్యాములో నది మధ్య నిలిచిన ప్రధాన భాగం రాతికట్టడం. యంత్రాలు తక్కువ, చేతులు ఎక్కువ ఉన్న దేశం మనది. వేలమంది కూలీలు రాళ్లు మోసి కట్టారు. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు.

ఇప్పుడు ఆ మొదటి సందేహానికి వద్దాం. నాగార్జునసాగర్ వంటి డ్యాముకు 26 గేట్లు పెట్టారు. పది ఎందుకు కాదు, యాభై ఎందుకు కాదు? గేట్లు తక్కువైతే పెద్ద వరదకు డ్యాము మీదుగా నీళ్లు దూకుతాయి, డ్యాముకే ముప్పు. మరీ ఎక్కువైతే ఖర్చు పెరిగి, అసలు డ్యామే కట్టలేకపోవచ్చు. అందుకని ఇంజనీర్లు పాత వరదల చిట్టా తీస్తారు. ఎన్నేళ్లకు ఒకసారి ఎంత వరద వచ్చిందో చూసి, నూరేళ్లకు ఒకసారి వచ్చేది ఇంత, వెయ్యేళ్లకు ఒకసారి వచ్చేది ఇంత అని అంచనా వేస్తారు.

నూరేళ్ల వరద అంటే ఒకసారి వచ్చి వెళ్లాక మళ్లీ నూరేళ్లు రాదని కాదు. ఈ పొరపాటు పెద్దవాళ్లు కూడా చేస్తారు. ఒక సంచిలో వంద గోలీలు ఉన్నాయనుకోండి. తొంభై తొమ్మిది తెల్లవి, ఒకటి ఎర్రది. ప్రతి ఏడాదీ కళ్లు మూసుకుని ఒక గోలీ తీసి, చూసి, మళ్లీ సంచిలో వేసేయాలి. ఎర్రది వస్తే వరద. ఈ ఏడాది వచ్చినా వచ్చే ఏడాది మళ్లీ రావచ్చు. ముప్ఫై ఏళ్ల లోపల ఒక్కసారైనా ఎర్రది వచ్చే అవకాశం నూటికి 26. నూరేళ్ల లోపల నూటికి 63. పదకొండో తరగతి వాళ్లు సంభావ్యత పాఠంలో 0.99ను ముప్ఫై సార్లు హెచ్చించి చూస్తే ఇది వచ్చేస్తుంది.

రావు గారి తరానికి ఉన్న ఇబ్బంది, సంచిలో ఎన్ని గోలీలు ఉన్నాయో సరిగా తెలియకపోవడం. చాలా నదులకు ముప్ఫై నలభై ఏళ్ల లెక్కలు కూడా లేవు. కృష్ణ ఈ విషయంలో అదృష్టవంతురాలు. విజయవాడ ఆనకట్ట దగ్గర ఏళ్ల తరబడి ప్రవాహం రాసి పెట్టారు. 1969లో కృష్ణా జలాల తగాదా తీర్చడానికి బచావత్ ట్రిబ్యునల్ వేసినప్పుడు ఆ రాతలే ఆధారమయ్యాయి. 1894 నుంచి 78 ఏళ్ల లెక్క తీసి, 75 శాతం నమ్మకంతో నదిలో 2,060 టీఎంసీల నీళ్లు ఉంటాయని తేల్చి, మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 పంచారు. 75 శాతం అనగానే మనకు బోర్డు పరీక్షకు కావలసిన హాజరు గుర్తుకొస్తుంది. ఇదీ కాస్త అలాంటిదే. నాలుగేళ్లలో మూడేళ్లు నది ఆ మాత్రం నీళ్లతో హాజరవుతుంది. నాలుగో ఏడు రాకపోవచ్చు. ఆ నాలుగో ఏట మూడు రాష్ట్రాల వాళ్లూ నది వైపు చూడడం మానేసి ఒకరి వైపు ఒకరు చూస్తారు.

ట్రిబ్యునల్ వేసే నాటికి రావు గారు ఇంజనీరు ఉద్యోగంలో లేరు, మంత్రిగా ఉన్నారు. 1962లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1967లో, 1971లో కూడా అక్కడి నుంచే గెలిచారు. 1963లో మంత్రివర్గంలో చేరి, 1973 వరకు నెహ్రూ, శాస్త్రి, ఇందిరా గాంధీ ముగ్గురి ప్రభుత్వాల్లోనూ నీటిపారుదల, విద్యుత్తు వ్యవహారాలు చూశారు. 1963లోనే పద్మభూషణ్ వచ్చింది. తరువాత రాసుకున్న ఆత్మకథకు ఆయన పెట్టిన పేరు ద క్యూసెక్స్ కాండిడేట్. ఎన్నికల్లో నిలబడిన మనిషి తనను తాను క్యూసెక్కుల అభ్యర్థిగా చెప్పుకోవడం మాకు భలే నచ్చింది.

ఇక్కడివరకు చెప్పి ఆపేస్తే ఇది మామూలు మహనీయుల కథ అయిపోతుంది. ఆయన జీవితంలో కోసీ నది కూడా ఉంది.

కోసీ నేపాల్ కొండల నుంచి బీహార్‌లోకి దిగుతుంది. దిగేటప్పుడు విపరీతమైన ఇసుక, ఒండ్రు మోసుకొస్తుంది. మైదానంలోకి రాగానే అది అడుగున పేరుకుని, నది తన దారి తానే మూసుకుని పక్కకు జరుగుతుంది. సుమారు రెండు వందల ఏళ్లలో అలా నూరు కిలోమీటర్లకు పైగా పడమటికి జరిగింది. 1953లో వచ్చిన వరద బీహార్‌ను ముంచేసింది. ఏదో ఒకటి వెంటనే చేయాలి. పైన పెద్ద డ్యాము కట్టాలంటే చాలా డబ్బు, చాలా ఏళ్లు. రెండు వైపులా కరకట్టలు వేస్తే త్వరగా అయిపోతుంది. కానీ కరకట్టల మధ్య ఒండ్రు పేరుకుంటే నది మట్టమే పైకి లేస్తుంది కదా అన్న భయం అప్పటికే ఉంది.

1954లో రావు గారూ, మరో ప్రసిద్ధ ఇంజనీరు కన్వర్ సేన్ గారూ చైనా వెళ్లారు. అక్కడి పసుపు నదికి కూడా ఒండ్రు ఎక్కువ, దానికి శతాబ్దాలుగా కరకట్టలు ఉన్నాయి. ఆ పనులన్నీ చూసి వచ్చి నివేదిక ఇచ్చారు. కోసీకి కరకట్టలు వేయాలన్న పథకానికి అది గట్టి ఆసరా అయింది. 1955లో పని మొదలయింది. తరువాత నేపాల్ సరిహద్దులో 9.5 లక్షల క్యూసెక్కుల వరదకు సరిపోయేలా బ్యారేజీ కూడా కట్టారు.

అదే పసుపు నది తన కట్టలు ఎన్నో వందల సార్లు తెంచుకుందనీ, దాని అడుగు చుట్టుపక్కల పొలాల కంటే ఎత్తుకు లేచిందనీ విమర్శించేవాళ్లు అప్పటి నుంచీ చెబుతూనే ఉన్నారు. కోసీ కట్టలు లక్షల ఎకరాలకు ఎన్నో ఏళ్లు రక్షణ ఇచ్చిన మాట నిజం. వందల గ్రామాలు రెండు కట్టల మధ్యే చిక్కుకుపోయి ప్రతి ఏడూ మునుగుతున్న మాటా నిజమే. 2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా దగ్గర తూర్పు కట్ట తెగింది. నది తన పాత దారుల్లోకి వెళ్లిపోయింది. బీహార్‌లో ముప్ఫై లక్షల మందికి పైగా ఆ నీళ్ల పాలయ్యారు. ఎన్.డి.ఆర్.ఎఫ్. పుట్టి అప్పటికి రెండేళ్లే, దాని పడవలు పెద్ద ఎత్తున అక్కడికి వెళ్లాయి. ఆ రోజు నదిలో రెండు లక్షల క్యూసెక్కులు కూడా లేవు. తొమ్మిదిన్నర లక్షలకు లెక్క వేసిన చోట రెండు లక్షల లోపుకే కట్ట తెగింది. అంటే లెక్కలో వేసిన అంకె చిన్నదై కాదు. పేరుకున్న ఒండ్రూ, కట్టను ఒరుసుకుంటూ పోయిన ప్రవాహమూ, సకాలంలో జరగని మరమ్మతులూ కలిసి పని చేశాయి.

రావు గారు 1954లో తప్పు చేశారా? మేము దీని మీద చాలాసేపు వాదించుకున్నాం. ఏదీ చేయకపోతే మరుసటి వర్షాకాలానికి మళ్లీ లక్షల మంది మునుగుతారు. కరకట్ట వేస్తే యాభై ఏళ్ల తరువాత ఏమవుతుందో తెలియదు. ఆ రెంటిలో ఒకటి ఎంచుకోవాలి, అదీ ఆ ఏడాదే. మా ఉద్దేశంలో కట్ట వేయడం కన్నా, కట్ట వేశాక ఇక భయం లేదని అందరూ అనుకోనివ్వడం పెద్ద పొరపాటు. ఇది ఆయన ఒక్కరి మీద వేయదగిన పొరపాటు కాదు. కానీ ఆయన పేరు కూడా అందులో ఉంది, దాన్ని దాచడం సరికాదు.

మంత్రిగా ఉన్న పదేళ్లలో ఆయన రెండు రకాల ఫోన్లూ అందుకోవలసి వచ్చింది. 1966, 67లలో బీహార్‌లో ఘోరమైన కరువు. 1968లో అదే బీహార్‌లో కోసీకి 7.88 లక్షల క్యూసెక్కుల వరద. అదే ఏడాది అక్టోబరులో ఉత్తర బెంగాల్‌లో తీస్తా నది జల్‌పాయిగుడిని ముంచింది. 1972లో మళ్లీ దేశంలో చాలాచోట్ల వానలు లేవు. ఒకచోట ముంచే నీళ్లనే మరోచోటికి తీసుకెళ్లలేమా అన్న ఆలోచన అందరికీ వస్తుంది. చిన్నప్పుడు భారతదేశ పటం గీస్తూ మనమూ ఒక నీలి గీత గీసి గంగను కావేరితో కలిపేసి ఉంటాం. ఆయన మాత్రం ఆ గీతకు లెక్క వేశారు. 1972లో ఆయన ప్రతిపాదించిన గంగా-కావేరి కాలువ పొడవు 2,640 కిలోమీటర్లు. పట్నా దగ్గర గంగ నిండుగా పారే సుమారు 150 రోజులు మాత్రమే 60 వేల క్యూసెక్కులు తోడి, దాదాపు 550 మీటర్ల ఎత్తుకు ఎక్కించి దక్షిణానికి పంపాలి. తోడడానికే అయిదు వేల నుంచి ఏడు వేల మెగావాట్ల కరెంటు కావాలి. అప్పటి ధరల్లో 12,500 కోట్ల రూపాయలు. పరిశీలించినవాళ్లు ఖర్చూ కరెంటూ భరించలేమన్నారు. లక్షల క్యూసెక్కుల వరదలోంచి 60 వేలు తీసినంత మాత్రాన బీహార్‌కు వరద తగ్గదని కూడా తేలింది. అంకెలు వేసి చూపించారు కనకనే ఆ పథకం ఎక్కడ నిలబడదో జనానికి తెలిసింది. నదులను కలపడంపై పరిశీలనకు 1982లో ప్రత్యేక సంస్థే ఏర్పడింది. 2024 డిసెంబరు 25న కెన్-బెత్వా కాలువకు శంకుస్థాపన జరిగింది. ఇలాంటి కాలువలు మంచివా కావా అనే వాదన ఇప్పటికీ తెగలేదు, ఇక్కడ మేము తెంచబోవడం లేదు.

1986 మే 18న రావు గారు కన్నుమూశారు. అప్పటికి భూమి వేడెక్కుతోందన్న మాట శాస్త్రవేత్తల సమావేశాలు దాటి బయటికి పెద్దగా రాలేదు. ఆయన లెక్కలన్నిటి వెనుకా ఒక నమ్మకం ఉంది. గడిచిన నూరేళ్లు ఎలా ఉన్నాయో రాబోయే నూరేళ్లూ సుమారుగా అలాగే ఉంటాయని. అంటే సంచిలో గోలీలు మారవని. ఇప్పుడు మారుతున్నాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టుకోగల తేమ సుమారు ఏడు శాతం పెరుగుతుంది. అందుకే కురిస్తే కుండపోతగా కురుస్తోంది. ఎవరో చాటుగా వచ్చి సంచిలో ఎర్ర గోలీలు కలుపుతున్నట్టు. ఎన్ని కలిపారో చెప్పడం లేదు.

2009 అక్టోబరులో శ్రీశైలం డ్యాముకు ఇది అనుభవమైంది. 19 లక్షల క్యూసెక్కుల వరదకు కట్టిన డ్యాముకు దాదాపు 25 లక్షలు వచ్చిపడ్డాయి. కర్నూలు మునిగింది. డ్యాము నిలిచింది, కింద నాగార్జునసాగర్ చాలా నీళ్లను పట్టి ఉంచింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.10 లక్షల క్యూసెక్కులు పారి, 1903 నాటి అంకె వెనకబడింది. ఆ బ్యారేజీని కట్టింది 11.9 లక్షలకు. 2024లో వచ్చిన 11.43 లక్షలకూ దానికీ మధ్య మిగిలిన ఖాళీ చాలా తక్కువ. చిత్రం ఏమిటంటే, 2024లో విజయవాడ సింగ్ నగర్ ఇళ్లను ముంచింది అందరూ భయపడిన కృష్ణ కాదు. బుడమేరు అనే చిన్న వాగు. దాని గట్టుకు గండి పడింది. మనం ముక్కు మూసుకునే హిండన్ లాంటిదే అదీ.

ఈ ఎర్ర గోలీలు లెక్కపెట్టడమే ఇప్పుడు చాలామంది పరిశోధకుల పని. వాతావరణ ముప్పు, అనిశ్చితి అన్న విషయాల మీద పీహెచ్‌డీ చేసేవాళ్లు మూడు రకాల తెలియనితనాలను విడదీస్తారు. ఒకటి ప్రకృతిలో ఎప్పుడూ ఉండే హెచ్చుతగ్గులు. ఒక ఏడు వాన ఎక్కువ, ఒక ఏడు తక్కువ. రావు గారి తరం కుస్తీ పట్టింది ముఖ్యంగా దీనితోనే. రెండోది కంప్యూటరు నమూనాల తేడా. అదే గంగ గురించి రెండు నమూనాలు రెండు జవాబులు చెబుతాయి. మూడోది మనుషులు ఏం చేస్తారో తెలియకపోవడం. ఇంకా ఎంత బొగ్గు కాలుస్తారు, ఎప్పుడు ఆపుతారు అన్నది ఏ సమీకరణమూ చెప్పలేదు.

మన చుట్టుపక్కలే ఇలాంటి చోట్లు ఉన్నాయి. ఐఐటీ ఢిల్లీలో వాతావరణ శాస్త్రాల కేంద్రం, రూర్కీలో 1978 నుంచి ఉన్న జాతీయ జలవిజ్ఞాన సంస్థ. తెలుగునాట విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, సముద్రాన్ని కనిపెట్టుకుని ఉండే హైదరాబాద్ ఇన్‌కాయిస్. ఇంట్లో ఇంకా చదువుకు డబ్బెక్కడిది అన్న మాట వస్తే ఇది చెప్పవచ్చు: నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. సాధించినవాళ్లకు 2023 నుంచి నెలకు 37 వేల రూపాయల ఫెలోషిప్ వస్తోంది. చదువుతున్నందుకు ప్రభుత్వమే జీతమిస్తున్నట్టు. తండ్రి లేని కంకిపాడు పిల్లవాడు ముప్ఫై ఏడేళ్లకు అందుకున్న డాక్టరేటు నేటి పిల్లలకు ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్లకే అందవచ్చు. బదిలీల వల్ల మూడు నాలుగు ఊళ్ల బళ్లలో చదివిన మాలో ఇద్దరు ముగ్గురు ఇప్పటికే దీని మీద కన్ను వేశారు. గణితం మార్కుల సంగతి వాళ్లు చూసుకోవాలి.

కృష్ణ మీద పులిచింతల దగ్గర ఒక డ్యాము ఉంది. ప్రకాశం బ్యారేజీకి ఎగువన, నాగార్జునసాగర్‌కు దిగువన. 2013లో నీళ్లు నింపడం మొదలుపెట్టారు. దాని అసలు పేరు డాక్టర్ కె.ఎల్. రావు సాగర్. పట్టే నీళ్లు 45.77 టీఎంసీలు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర పారిన వేగంతో వస్తే ఖాళీగా ఉన్న ఆ జలాశయం సుమారు పదకొండు గంటల్లో నిండిపోతుంది. 2021 ఆగస్టు 5న దాని 24 గేట్లలో 16వది కొట్టుకుపోయింది. స్టాప్‌లాగులు దించి నీళ్లు ఆపారు. మళ్లీ వరద వచ్చినప్పుడు అక్కడ గేట్లు ఎప్పుడు, ఎంత ఎత్తాలో గంట గంటకూ లెక్క వేసేది, ఆయన పేరున్న ఆ కట్ట మీద డ్యూటీలో ఉండే ఇంజనీర్లే.